మన ఊరి గ్రంథాలయం చరిత్ర రాద్దామనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల చిన్న ఊళ్ల గ్రంథాలయాల చరిత్ర మీద కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంతో ఈ పని మొదలైంది. టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, డిగ్రీ చదివే పిల్లలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే రకంగా ఉంటాయి. వాటికి నాకు తెలిసినంత మేరకు జవాబులు ఇవి.

మాది చిన్న ఊరు. లైబ్రరీ అంటే రెండు గదులు, నాలుగు బీరువాలు. దానికి చరిత్ర ఏముంటుంది?

చాలా ఉంటుంది. ఊరికి రోడ్డు ఎప్పుడొచ్చిందో, కరెంటు ఎప్పుడొచ్చిందో ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఊళ్లో జనం ఏ రోజుల్లో ఏం చదివారో, ఎవరు చదివించారో లైబ్రరీ రిజిస్టర్లలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

అయితే చాలామంది చరిత్ర అనగానే శిలాఫలకం దగ్గర ఆగిపోతారు. శంకుస్థాపన ఎవరు చేశారు, రిబ్బన్ ఎవరు కత్తిరించారు, అధ్యక్షత ఎవరు వహించారు. అవన్నీ రాయాల్సిందే. కానీ ఆ ఫలకం మీద ఉన్నవాళ్లు ఆ ఒక్కరోజు వచ్చి వెళ్లినవాళ్లు. పొద్దున్నే తాళం తీసి, గది ఊడ్చి, పేపర్లు బల్ల మీద సర్ది, రాత్రి లాంతరు ఆర్పి ఇంటికి వెళ్లిన మనిషి పేరు అక్కడ ఉండదు. ఆ మనిషిని వెతికి పట్టుకోవడమే ఈ పనిలో అసలు సంగతి అని నా నమ్మకం. కింద చెప్పినవన్నీ ఆ వెతుకులాట కోసమే.

మన ప్రాంతంలో గ్రంథాలయోద్యమం ఎక్కడ మొదలైంది?

హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దాని వెనుక ఉన్న ముఖ్యులు. తర్వాత మూడేళ్లకే, 1904లో, హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం పెట్టారు. అంటే మొత్తం నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు పెట్టుకున్న తొలి గ్రంథాలయాల్లో రెండోది మన హనుమకొండలో ఉంది. ఓరుగల్లు వాళ్లు ఈ మాట ఎంత గట్టిగా చెప్పుకున్నా తప్పులేదు.

హనుమకొండ భాషా నిలయం పుస్తకాలు దాచిన గది మాత్రమే కాదు. 1923 ఏప్రిల్ 1న నిజాం రాష్ట్ర ఆంధ్ర జన కేంద్ర సంఘం మొదటి సమావేశం హనుమకొండలోనే జరిగింది. ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు, బడులు పెట్టించడం ఆ సంఘం పెట్టుకున్న పనుల్లో ముందు వరసలో ఉంది. ఆ సంఘమే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగింది. 1935 నాటి నాలుగో మహాసభ మన సిరిసిల్లలో జరిగింది, అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు. మడికొండలో పెరిగిన కాళోజీ కూడా కుర్రతనం నుంచే గ్రంథాలయోద్యమంలో తిరిగినవారు.

మీ ఊరు ఈ సభలు జరిగిన చోట్లకు దగ్గరైతే ఆ సంవత్సరాలను ముందు గుర్తుపెట్టుకోండి. సభకు వెళ్లి వచ్చిన యువకులు తమ ఊళ్లో పఠన మందిరం పెట్టి ఉండవచ్చు. మీ గ్రంథాలయం పుట్టుక ఆ తర్వాతి ఒకటి రెండేళ్లలో ఉందేమో ముందు చూడండి.

తెలంగాణలో ఉన్న గ్రంథాలయాల పేర్లలో 'ఆంధ్ర' ఎందుకు? ఇప్పుడు చదివితే వింతగా ఉంది.

అప్పట్లో ఆ మాట ప్రాంతాన్ని కాదు, భాషను చెప్పేది. తెలుగువాళ్లు అన్న అర్థంలోనే వాడారు. తర్వాత సంఘం పేరులోకి ఆ మాట రావడం వెనుక ఒక అవమానం కూడా ఉంది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి ఎగతాళి చేశారు. తెలుగువాళ్లు అక్కడికక్కడే కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మీ వ్యాసంలో పాత పేరును పాత పేరుగానే రాయండి. ఇప్పటి రాజకీయాల కోసం దాన్ని కత్తిరించడం చరిత్రకు అన్యాయం చేయడమే.

నిజాం కాలంలో గ్రంథాలయం పెట్టడం అంత కష్టమా? నాలుగు పుస్తకాలు పెట్టుకుంటే ఎవరు అడ్డుకుంటారు?

పుస్తకాలు ఇంట్లో పెట్టుకుంటే ఎవరూ అడ్డుకోరు. పదిమందిని కూర్చోబెడితే అడ్డుకునేవారు. రాజ్యం భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే తప్ప బడిలో దానికి చోటు చాలా తక్కువ. కాబట్టి చాలామంది పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఇలాంటి గ్రంథాలయాల్లోనే.

1929లో గష్తీ నిషాన్ 53 వచ్చింది. గష్తీ అంటే ప్రభుత్వ ఉత్తర్వు. దాని ప్రకారం బహిరంగ సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయ వార్షికోత్సవం కూడా సభే కదా. ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు అని అడిగితే చెప్పుకోవాల్సిన పరిస్థితి. అందుకే పాత కాగితాల్లో 'పురాణ కాలక్షేపం', 'భజన', 'కవి సమ్మేళనం' అని కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడండి. పేరుకు పురాణమే అయినా అక్కడ పేపరు చదివి వినిపించారేమో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి.

1948 సెప్టెంబరు పోలీసు చర్య దాకా ఈ పరిస్థితే. ఆ కాలంలో చందా వేసుకుని పుస్తకాలు తెప్పించుకున్నవాళ్ల ధైర్యాన్ని ఇప్పటి లెక్కలతో కొలవలేం.

అప్పట్లో పల్లెలకు పుస్తకాలు, పేపర్లు ఎలా చేరేవి?

మనుషులు మోసుకొచ్చేవారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి, కాలికి బలపం కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. జైళ్లకు వెళ్లారు, మళ్లీ వచ్చి అదే పని చేశారు. పాత బీరువాలో దేశోద్ధారక గ్రంథమాల పుస్తకం దొరికితే దాన్ని పక్కన పెట్టి ఫొటో తీసుకోండి. అది మీ ఊరికి ఏ దారిన వచ్చిందో కనుక్కుంటే ఒక కథ బయటపడుతుంది.

ఇక మన పక్కనే ఇనుగుర్తి ఉంది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఆ పల్లెటూరి నుంచి 1922లో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు తెనుగు పత్రిక నడిపారు. అదే సంవత్సరం నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. 1926లో గోలకొండ పత్రిక మొదలైంది. ఒక పల్లెలో అచ్చుయంత్రం పెట్టి పత్రిక నడపడం అంటే ఏమిటో ఊహించండి. కాగితం, సిరా, అక్షరాలు కూర్చే మనిషి, పోస్టు, అన్నీ అక్కడికే తెప్పించుకోవాలి. ఇనుగుర్తి చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర రాసేవాళ్లు పాత ఇళ్లలో తెనుగు పత్రిక ప్రతులు ఉన్నాయేమో తప్పకుండా అడగాలి.

మా లైబ్రరీ ఇప్పుడు ప్రభుత్వానిది. కానీ పెద్దవాళ్లు 'మేమే పెట్టుకున్నాం' అంటారు. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. 1955లో హైదరాబాద్ రాష్ట్రానికి గ్రంథాలయ చట్టం వచ్చింది. 1956లో రాష్ట్రాలు కలిశాక, రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఆ చట్టం కింద నడిచేవే. తెలంగాణ వచ్చాక కూడా ఆ చట్టమే కొనసాగుతోంది. యువజన సంఘం వాళ్లు, ఆర్యసమాజ్ వాళ్లు, ఊరి పెద్దలు నడిపిన గ్రంథాలయాలు కొన్ని ఆ సంస్థల కిందికి వెళ్లాయి, కొన్ని విడిగానే ఉండిపోయాయి, కొన్ని మూతపడి పుస్తకాలు మాత్రం కొత్త శాఖకు చేరాయి.

కాబట్టి మీ ఊరి లైబ్రరీకి రెండు పుట్టినరోజులు ఉండవచ్చు. జనం పెట్టుకున్న రోజు ఒకటి, సంస్థ తీసుకున్న రోజు ఇంకొకటి. ఆఫీసు కాగితాల్లో రెండోదే ఉంటుంది. మొదటిది మీరు వెతకాలి.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది? ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది?

మొదట్లో చందాలు, దానాలు. ఇప్పుడు గ్రంథాలయ పన్ను. మీ ఇంటి పన్ను రశీదు తీసి చూడండి, అందులో లైబ్రరీ సెస్ అని ఒక వరుస ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. లైబ్రరీలో ఫ్యాను తిరగడం లేదని, కొత్త పుస్తకాలు రావడం లేదని అడిగే హక్కు మనకు ఆ 8 పైసలతోనే వచ్చింది. వసూలైన పన్ను సంస్థకు సరిగ్గా చేరిందా లేదా అన్నది కూడా లైబ్రరీ చరిత్రలో భాగమే. ఏ ఏళ్లలో పుస్తకాల కొనుగోలు ఆగిపోయిందో రిజిస్టర్ చూపిస్తుంది. ఎందుకు ఆగిందో ఈ లెక్కల్లో తెలియవచ్చు.

కొన్ని పుస్తకాల మీద రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ముద్ర కనిపిస్తుంది. కలకత్తాలోని ఆ సంస్థ 1972లో ఏర్పడింది. ఆ ముద్ర ఉంటే ఆ ప్రతి 1972 తర్వాతే వచ్చిందని తెలుసుకోవచ్చు.

సరే, ఏ కాగితాలు వెతకాలి?

అన్నిటికన్నా ముందు యాక్సెషన్ రిజిస్టర్. లైబ్రరీలోకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో ఎక్కించే పెద్ద పుస్తకం అది. తేదీ, నంబరు, రచయిత, పేరు, ప్రచురణ, ధర, ఎక్కడి నుంచి వచ్చింది, చివర రిమార్కులు. ఒక్క రిజిస్టర్ చేతికొస్తే సగం చరిత్ర దొరికినట్టే.

మా దగ్గర ఉన్నదాన్ని చూపించి చెబుతాను. అట్ట వెన్ను ఊడిపోతే పురికోసతో కట్టి ఉంచారు. మొదటి పేజీల్లో చేతిరాత గుండ్రంగా, సిరా గోధుమ రంగుకు తిరిగి ఉంది. ధరలు రూపాయలు, అణాలు, పైసల్లో ఉన్నాయి. కొన్ని పేజీలు దాటాక ధర పక్కన 'న.పై.' అని మొదలైంది. నయా పైసలు 1957 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి కాబట్టి, తేదీ గడి చెదలు తినేసినా ఆ పేజీ దాని తర్వాతిదని తెలిసిపోయింది. 'ఎలా వచ్చింది' అన్న గడిలో పై నుంచి కింది దాకా దానం, దానం, దానం అని ఉంది. దాతల పేర్లలో ఒక బట్టల దుకాణం ఆయన, ఒక పోస్టుమాస్టర్, ఒక వైద్యుడు. ఒకచోట చేతిరాత మారింది, దానం అన్న మాట ఆగిపోయింది, 'జి.గ్రం.సం.' అని మొదలైంది. జిల్లా గ్రంథాలయ సంస్థ సరఫరా అన్నమాట. ఊరి చేతుల్లోంచి సంస్థ చేతుల్లోకి లైబ్రరీ వెళ్లిన చోటు ఆ గీత దగ్గరే ఉంది. ఏ శిలాఫలకమూ నాకు ఆ మాట చెప్పలేదు.

దాని తర్వాత ఇష్యూ రిజిస్టర్లు, సభ్యుల దరఖాస్తులు, చందా రశీదు పుస్తకాలు, మినిట్స్ పుస్తకం, వచ్చి వెళ్లినవాళ్లు అభిప్రాయాలు రాసిన విజిటర్స్ బుక్. పుస్తకాల వెనుక అంటించిన డేట్ స్లిప్పులను మరిచిపోకండి. ఒక పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో, ఎప్పుడు ఆగిపోయిందో ఆ చీటీ మీద ముద్రలే చెబుతాయి. చాలా లైబ్రరీలు అట్ట లోపలే కాక, తాము ఎంచుకున్న ఒక పేజీ మీద కూడా ముద్ర వేసేవి. ప్రతి పుస్తకంలో అదే పేజీ. అట్ట చిరిగిపోయిన పుస్తకం ఎవరిదో తేల్చడానికి అది పనికొస్తుంది.

తొందరపడాల్సింది ఇక్కడే. భవనం మారినప్పుడు, స్టాక్ వెరిఫికేషన్ అయినప్పుడు, వాన కురిసి గది తడిసినప్పుడు ముందుగా బయటికి వెళ్లేవి ఈ రిజిస్టర్లే. "పాత కాయితాలే గద బిడ్డా, జాగ ఆపుతున్నయి" అని కిలోల లెక్కన పాత సామాన్ల బండికి వేస్తారు. వేసేవాళ్ల తప్పు కూడా కాదు, వాటి విలువ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మీరు చరిత్ర రాసినా రాయకపోయినా ఈ వారమే వెళ్లి ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయో చూసి రండి.

పాత రశీదుల మీద 1345, 1352 అని సంవత్సరాలు ఉన్నాయి. అవేంటి?

ఫసలీ సంవత్సరాలు. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ వాటిలోనే. అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో సంవత్సరం మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1345 ఫసలీ అంటే 1935 అక్టోబరు నుంచి 1936 అక్టోబరు దాకా. కాబట్టి జనవరి, ఆ తర్వాతి నెలలైతే 591 కలపాలి. నెల పేరు కూడా రాసుకోండి. ఆజూర్, దై, బహ్మన్ అయితే ఏడాది మొదట్లో, మెహర్, ఆబాన్ అయితే చివర్లో.

డబ్బు దగ్గర కూడా జాగ్రత్త. నిజాం రూపాయి హాలీ, బ్రిటిష్ వాళ్లది కల్దార్. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దార్‌కు సమానం. మద్రాసు, బెజవాడ నుంచి తెప్పించిన పుస్తకాల ధర కల్దార్‌లో, ఊళ్లో వసూలైన చందా హాలీలో ఉండవచ్చు. రెండూ కలిపి కూడితే లెక్క తప్పుతుంది.

ఇంకొక చిక్కు. సంఘం రిజిస్ట్రేషన్ పత్రం మీద '1350 ఫసలీ చట్టం' అని ఉంటుంది. అది చూసి చాలామంది తమ గ్రంథాలయం 1940లో పుట్టిందని రాసేస్తారు. 1350 అన్నది ఆ చట్టం వచ్చిన సంవత్సరం మాత్రమే. తెలంగాణ జిల్లాల్లో 2001 దాకా సంఘాలు ఆ చట్టం కిందే రిజిస్టర్ అయ్యాయి. మీ సంఘం ఎప్పుడు రిజిస్టర్ అయిందో నంబరు పక్కన ఉన్న తేదీయే చెబుతుంది.

కాగితాలు ఉర్దూలో ఉంటే?

ఉర్దూ మీడియంలో చదివిన పెద్దవాళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉన్నారు, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. పాత దస్తరాలు షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఉర్దూ బాగా వచ్చినవాళ్లకు కూడా అది కష్టమే. మీ పట్టణంలో ఉర్దూ లెక్చరర్ ఉంటే ఫొటో పంపి అడగండి.

ఏ జిల్లా ఆఫీసుకు వెళ్లాలి? జిల్లాలు మారిపోయాయి కదా.

ఇది నిజంగా తల తిరిగే విషయం. ఖమ్మం జిల్లా 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడిపోయింది, అంతకు ముందు కాగితాలు వరంగల్ పేరుతోనే ఉంటాయి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ ఐదు ముక్కలైంది. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021లో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్ అయ్యాయి. పాత కరీంనగర్ కూడా అలాగే విడిపోయింది. సాధారణంగా 2016కు ముందు ఫైళ్ల కోసం పాత జిల్లా కేంద్రంలోనే మొదట అడగండి, ఆ తర్వాత కొత్త జిల్లాకు వెళ్లండి. నిజాం కాలపు రికార్డులకు హైదరాబాదు తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

రికార్డులు చూపించడానికి లైబ్రేరియన్ ఒప్పుకోకపోతే?

మొదట మీ వైపు నుంచి చూడండి. వెళ్లిన మొదటి రోజే "పాత రిజిస్టర్లు తీయండి" అంటే ఎవరైనా భయపడతారు. ఎవరో ఫిర్యాదు పెట్టడానికి వచ్చారేమో అనుకుంటారు. సభ్యత్వం తీసుకోండి, నాలుగు రోజులు కూర్చుని చదవండి, చేస్తున్న పని చెప్పండి. చాలా శాఖల్లో ఒక్క మనిషే అన్ని పనులూ చేస్తున్నారు. కొందరికి రెండు మూడు శాఖల బాధ్యత ఉంటుంది. బీరువా దుమ్ము దులపడంలో మీరు చేయి వేస్తే రిజిస్టర్లు వాళ్లే తీసి ఇస్తారు. నాకు సాయం చేసినవాళ్లలో సగం మంది గ్రంథపాలకులే.

రాతపూర్వక అనుమతి కావాలంటే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి దరఖాస్తు పెట్టండి. అదీ కాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా ఆఫీసుకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. దాన్ని చివరికి ఉంచుకోవడం మంచిది.

పెద్దవాళ్లను ఏమని అడగాలి? "బాగుండేది" అని తప్ప ఏమీ చెప్పడం లేదు.

పెద్ద ప్రశ్న అడిగితే పెద్ద మాటే వస్తుంది. చిన్నవి అడగండి. తాళం ఎవరి దగ్గర ఉండేది? పేపరు ఏ బండికి, ఎన్ని గంటలకు వచ్చేది? ముందు ఎవరు చదివేవాళ్లు? చదవడం రానివాళ్లకు ఎవరు చదివి వినిపించేవాళ్లు? కూర్చోవడానికి బెంచీనా చాపనా? రేడియో ఉండేదా? పుస్తకం పోగొడితే ఏమనేవాళ్లు?

తప్పకుండా అడగాల్సింది ఇంకొకటి ఉంది. లోపలికి ఎవరిని రానిచ్చేవాళ్లు కాదు? ఈ ప్రశ్న అడగకుండా రాసిన గ్రంథాలయ చరిత్రను నేను పూర్తి చరిత్ర అనుకోను. చట్టం ప్రకారం ప్రభుత్వ గ్రంథాలయం అందరిదీ. కానీ దేవాలయం ఆవరణలోనో, దొర గడీ పక్కనో, పెద్ద కులాల వాడలోనో గది ఉంటే ఎవరి కాళ్లు గడప దాటాయి, ఎవరు మెట్ల దగ్గర నిలబడి విన్నారు? ఆ వాడల్లోకే వెళ్లి అడగండి. ఊరి మధ్యలో ఉన్నవాళ్లు చెప్పే జవాబు సరిపోదు.

రిజిస్టర్లలో ఆడవాళ్ల పేర్లే లేవు. వాళ్లు చదవలేదా?

చదివారు. పుస్తకం తీసుకునే సభ్యత్వ టికెట్ భర్త పేరు మీదో, కొడుకు పేరు మీదో ఉంటుంది. ఒక టికెట్ మీద వారానికి రెండుసార్లు పుస్తకం మారుతూ, తీసుకున్నవన్నీ నవలలే అయి, ఆయనేమో పొద్దంతా పొలంలోనో దుకాణంలోనో ఉండే మనిషి అయితే, చదివింది ఎవరు? ఆ ఇంటికి వెళ్లి అమ్మమ్మను అడగండి. వారపత్రికల్లో సీరియళ్లు కత్తిరించి కుట్టుకున్న పుస్తకాలు పెట్టెలోంచి తీసి చూపించేవాళ్లు ఇంకా ఉన్నారు. మా ఊళ్లో పుస్తకాలు సంచిలో వేసుకుని ఇళ్లకు తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది లైబ్రరీ అటెండరు. ఆయన పేరు ఏ ఫలకం మీదా లేదు.

పుస్తకం వెన్ను మీద 894.827 అని రాసి ఉంది. అదేం నంబరు?

డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి ఇచ్చిన నంబరు. బీరువాలో ఆ నంబరు పుస్తకాలు ఎన్ని, చరిత్ర ఎన్ని, వ్యవసాయం ఎన్ని అని లెక్క తీస్తే ఏ కాలంలో ఏవి ఎక్కువ కొన్నారో తెలుస్తుంది.

రిజిస్టర్‌కు పురుగు పట్టింది. ఎలా కాపాడాలి?

ఎండలో పెట్టకండి, కాగితం పెళుసై విరిగిపోతుంది. నీడలో, గాలి ఆడే చోట, ఫ్యాను కింద ఆరబెట్టండి. తడిసిన పుస్తకం అయితే పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి మారుస్తూ ఉండండి. చిరుగులకు సెల్లో టేప్ వేయకండి, కొన్నేళ్లకు దాని జిగురు పసుపు మచ్చై అక్షరాలను తినేస్తుంది. ల్యామినేషన్ అసలు వద్దు, మళ్లీ తీయలేం. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. కలరా ఉండలు పుస్తకానికి తగలకుండా గుడ్డ మూటలో కట్టి బీరువా మూలన పెట్టవచ్చు. బీరువాను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరిపితే చెదల భయం చాలా తగ్గుతుంది. ఏదైనా గుర్తు పెట్టాలంటే పెన్సిలే వాడండి.

ఫోన్‌తో ఫొటోలు తీసి అందరికీ పంపొచ్చా?

తీయండి, అదే మొదటి రక్షణ. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ప్రతి పేజీ నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. ఫైళ్లకు ఊరు, రిజిస్టర్ పేరు, పేజీ నంబరు పెట్టండి. కనీసం రెండు చోట్ల దాచండి.

పంచుకోవడంలో మాత్రం ఒక హద్దు ఉండాలి. బతికి ఉన్న మనిషి ఏ పుస్తకం తీసుకున్నాడో అతని అనుమతి లేకుండా బయట పెట్టకూడదు. ఇక పుస్తకాలనే స్కాన్ చేయాలంటే, మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది.

స్థాపన సంవత్సరం ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. ఏది రాయాలి?

అన్నీ రాయండి, ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో పక్కనే రాయండి. పాతికేళ్ల తర్వాత ఎవరికో ఒక రశీదు దొరికితే తేలిపోతుంది. వార్షికోత్సవం కరపత్రం మీద 'ఇరవై రెండవ' అని ఉంటే వెనక్కి లెక్కపెట్టవచ్చు, కానీ మధ్యలో ఉత్సవం జరగని ఏళ్లు ఉంటాయి. పాత పత్రికల్లో ఊరి వార్తలు కూడా చూడండి, గోలకొండ పత్రిక సంచికలు స్కాన్ అయి ఇంటర్నెట్‌లో కొన్ని దొరుకుతున్నాయి. ఊరికి గొప్ప అని అందరికన్నా పాత తేదీ ఎంచుకోవడం మాత్రం చేయకండి.

ఇప్పుడు లైబ్రరీలో గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షల పిల్లలే కూర్చుంటున్నారు. కథల పుస్తకం తీసేవాడు లేడు. ఇది కూడా రాయాలా?

తప్పకుండా రాయాలి, గౌరవంగా రాయాలి. పొద్దున తలుపు తీసేసరికి బయట సంచులు వరసలో పెట్టి ఉంటాయి. ఇంట్లో చదువుకోవడానికి గది లేని పిల్లలు, హాస్టల్ ఫీజు కట్టలేక ఊరికి వచ్చినవాళ్లు, పొలం పని చేసుకుని మధ్యాహ్నం వచ్చేవాళ్లు. నోటిఫికేషన్ పడితే కుర్చీ దొరకదు, వాయిదా పడితే గదంతా టెన్షన్. ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకునే వాళ్లను కూడా చూశాను. కొందరు పెద్దలు దీన్ని లైబ్రరీ పతనం అంటారు. నేను ఒప్పుకోను. నిజాం కాలంలో తెలుగు చదువుకోవడానికి చోటు లేనివాళ్లకు గ్రంథాలయం చోటిచ్చింది. ఇప్పుడు ఉద్యోగానికి చదువుకోవడానికి చోటు లేనివాళ్లకు ఇస్తోంది. వీళ్లు తమ డబ్బుతో కొని, పరీక్ష అయ్యాక లైబ్రరీకి వదిలి వెళ్లే పుస్తకాలు ఉంటాయి. వాటిని రిజిస్టర్‌లో 'దానం' అని ఎక్కించమని గ్రంథపాలకులను అడగండి. ఉద్యోగం వచ్చినవాళ్ల పేర్లు, ఏ బల్ల దగ్గర కూర్చునేవారో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఎంత పెద్దగా రాయాలి? రాసింది ఎక్కడ పెట్టాలి?

పది పేజీలు చాలు, మంచి పది పేజీలు కావాలి. పుస్తకం వేయలేకపోతే డీటీపీ చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించండి. నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, ఆ రోజుల్లో ఊళ్లో చదివి వినిపించండి. వింటున్నవాళ్లు "అట్ల కాదు, ఇట్ల" అని దిద్దుతారు, ఆ దిద్దుబాట్లన్నీ రాసుకోండి. ఆ తర్వాత ఒక ప్రతి మీ లైబ్రరీకి, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి హనుమకొండ రాజరాజ నరేంద్ర భాషా నిలయానికి, ఒకటి మీ ఊరి హైస్కూలుకు ఇవ్వండి. ఇచ్చిన ప్రతి చోటా యాక్సెషన్ నంబరు వేయించుకుని రండి.